మూడేళ్ల ఊట

మణికుంతల రాజ్యపు ఉత్తర సరిహద్దులో, ఎర్రవాగు గట్టున, తిప్పన పొద్దున్నుంచి రాయి కొడుతున్నాడు. అమావాస్య ఇంకా ఏడు రోజులుంది. ఆ రోజు పొద్దు గుంకేలోగా రాజధానిలో అతని తమ్ముడు మైలనను ఏనుగు చేత తొక్కిస్తారు.

అన్నదమ్ములిద్దరూ ఊటర్లు. ఊటరి అంటే నీళ్లను బట్టి నేల లోపల ఏముందో చెప్పేవాడు. కొండలో పుట్టిన నీరు లోపల దేన్ని రాసుకుని వస్తుందో దాన్ని కాస్త వెంట తెస్తుంది. ఊటరి ఆ నీళ్లు నాలుక మీద వేసుకుంటాడు. మూకుడులో మరిగించి అడుగున మిగిలిన ఉప్పు చూస్తాడు. పసుపు గుడ్డ ముంచితే ఎర్రబడిందా, క్షారం. వెండి నల్లబడిందా, గంధకం. బంగారు రేకు తెల్లబడిందా, పాదరసం. తర్వాత వాగు వెంట పైకి నడుస్తాడు. రెండు పాయలు కలిసిన చోట ఏ పాయలో గుర్తు ఎక్కువుంటే ఆ పాయ పట్టుకుంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తిప్పన చేసింది ఇదే. ఇప్పుడతనికి యాభై రెండు. నాలుక కుడి పక్కన ఉప్పు తెలియడం మానేసి రెండేళ్లయింది.

మైలన కూడా ఆ రెండేళ్ల కిందటే ఎర్రవాగుకు వచ్చాడు. అక్కడి వేడినీటి ఊటలో బంగారు రేకు తెల్లబడింది. పాదరసం ఇచ్చే ఇంగిలీకపు రాయి ఆ కొండ కింద ఉందని రాజుకు విన్నవించాడు. చిత్రబాహు మహారాజు ఆరువందల మందిని పెట్టి తవ్వించాడు. ఇంగిలీకం రవ్వంత కూడా దొరకలేదు. సొరంగం కూలి నలభై ముగ్గురు పోయారు. తప్పుడు విన్నపానికి ఆ రాజ్యంలో మరణమే శిక్ష. తిప్పన రాజు కాళ్ల మీద పడితే రాజు ఒక్క మాట అన్నాడు: అసలు గని చూపించు, తమ్ముణ్ణి వదిలేస్తాను. అయితే ఊటరి చెబితే చాలదు. వెంట పంపిన సాక్షి వచ్చి చెప్పాలి.

సాక్షి పేరు గౌరసాని. కోట కాపలా దళానికి నాయకురాలు. పదేళ్ల కిందట ఒక యుద్ధంలో ముందు పన్ను పోతే రాజు బంగారు పన్ను కట్టించాడు. ఆవిడ నవ్వే మనిషి కాదు కనుక ఆ పన్ను చూసినవాళ్లు తక్కువ.

"ఏం ఊటరీ, రాయి ఏమంటోంది?" అంది ఆవిడ, గుర్రానికి ఆనుకుని.

"తన వయసు చెప్పిందమ్మా."

తిప్పన పగలగొట్టిన ముక్క చూపించాడు. వేడినీళ్లు ఊరే చోట చుట్టూ సున్నం పొరలుగా పేరుకుంటుంది. వానాకాలం వచ్చినప్పుడల్లా బురద కలిసి ఒక ఎర్రగీత పడుతుంది. ఆ ముక్కలో గీతలు మూడే ఉన్నాయి. వాటి కింద వాగులో దొరికే గులకరాళ్లు.

"మూడేళ్ల కిందట ఇక్కడ ఊట లేదు," అన్నాడు తిప్పన.

"కొత్తగా పుట్టి ఉండొచ్చుగా?"

"భూమి కంపిస్తే పుడుతుంది. ఈ మధ్య కంపించిందా?"

"నా ఎరుకలో లేదు."

"అయితే ఎవరో తెచ్చి పెట్టారు."

గౌరసాని ముక్కను తిప్పి తిప్పి చూసింది. "నీ తమ్ముడికి ఈ గీతలు కనిపించలేదా?"

"వాడు నీళ్లు చూశాడు. ఊట దగ్గర నీళ్లనే నమ్మాలి, రాళ్లు చూస్తూ కూర్చుంటే బుద్ధి చెదురుతుంది అని మాకు నేర్పారు. నీళ్లు వాడికి అబద్ధం చెప్పలేదు. నేనొచ్చినా అదే విన్నపం చేసేవాణ్ణి." తిప్పన సుత్తి సంచిలో వేసుకున్నాడు. "ఆ ఏనుగు కింద నేనుండేవాణ్ణి. అంతే తేడా."

మర్నాడు తెల్లవారాక అతను గట్టెక్కి మైదానం చూశాడు. గడ్డి నిండా మంచు ఉంది. ఒక్క చోట మాత్రం బండి వెడల్పున గడ్డి పొడిగా ఉంది. ఆ పొడి చార ఎర్రవాగు దగ్గర మొదలై తిన్నగా ఉత్తరానికి పోయి ఆవిరికోన కొండల్లోకి దూరింది. నేల కింద వేడినీళ్లు పారుతున్న గొట్టం అక్కడ ఉంది. తిప్పన ఆ చార పక్కనే నడిచి కొలిచాడు. తొమ్మిదివందల బారలు.

ఆవిరికోన క్షారానందుడిది. ఇరవై ఏళ్లుగా ఆ మాంత్రికుడు అక్కడి వేడినీళ్లలో రోగులకు స్నానాలు చేయిస్తున్నాడు. ఆయుధంతో వెళ్లిన ఏ రాజభటుడూ తిరిగి రాలేదు. రోగులకు మాత్రమే దారి.

"అయితే రోగులుగా పోదాం," అంది గౌరసాని. గుర్రాలను ఇద్దరు భటులకిచ్చి ఎర్రవాగు దగ్గరే ఉండమంది. కత్తి కూడా వాళ్లకే ఇచ్చింది. ఖజానా నుంచి మారువేషాల కోసం తెచ్చుకున్న మంగళసూత్రం మెడలో వేసుకుంది.

"ఇక మీదట నన్ను ఏమండీ అనాలమ్మా," అన్నాడు తిప్పన.

"నువ్వు నన్ను అమ్మా అనడం మానితే చూద్దాం."

కోన వాకిట రెండు నెర్రెల్లోంచి ఆవిరి లేస్తోంది. మనుషులు దగ్గరికి రాగానే ఆ ఆవిరి తాటిచెట్టంత ఎత్తున రెండు ఆకారాలు కట్టింది. వాటికి భుజాలున్నాయి, చేతులున్నాయి, ముఖాలు లేవు. వరసలో వీళ్ల ముందు ఒక బట్టల వర్తకుడు నిలబడి ఉన్నాడు.

"నొప్పి ఏది?" అంది భూతం. ఎసరు మరిగినట్టుంది దాని గొంతు.

"నడుము," అన్నాడు వర్తకుడు.

భూతం వంగి అతని నడుము వాసన చూసింది. "లేదు," అని అతన్ని రెండు వేళ్లతో ఎత్తి నెర్రెలో వేసింది. చెప్పులు మాత్రం దారిలో మిగిలాయి. ఎవరి గూఢచారో ఎవరికీ తెలియలేదు.

"నొప్పి ఏది?"

"మోకాళ్లు," అన్నాడు తిప్పన.

"నిజం. ఇంకా?"

"నడుము."

"నిజం. ఇంకా?"

"చెబుతూ పోతే సాయంత్రమవుతుంది స్వామీ. వెనక జనం ఆగి ఉన్నారు."

భూతం అతన్ని పక్కకు జరిపి గౌరసాని మీదికి వంగింది. ఆవిడకు జలుబు కూడా లేదు.

"నొప్పి ఏది?"

గౌరసాని తిప్పన వంక చూసింది. "ఈయనే."

భూతం ఆవిడను వాసన చూసింది. తర్వాత తిప్పనను చూసింది. మళ్లీ ఆవిడను చూసింది.

"నిజం," అని దారి వదిలింది.

చాలా దూరం నడిచాక తిప్పన అన్నాడు, "నేనంత నొప్పిగా ఉన్నానా?"

"రాజధాని వదిలినప్పట్నుంచీ నీ దగ్గు వింటున్నాను. పైగా దానికి అబద్ధం చెప్పడానికి లేదుగా, ఏమండీ."

కోన మధ్యలో నలభై స్తంభాల స్నానమండపం ఉంది. స్తంభానికొక సింహపు యాళి చెక్కి ఉంది, నోట్లో గుండు, పంజా కింద ఏనుగు తల. నడుమ కోనేరంత తొట్టి. అందులోంచి లేచిన ఆవిరి మీద ఎండ పడి పైకప్పు దాకా రంగులు తిరుగుతుంటే, కింద రోగులు మెడలదాకా నీళ్లలో కూర్చుని కళ్లు మూసుకుని ఉన్నారు.

మండపం మెట్ల దగ్గర ఒక పరిచారకుడు ఇనప్పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. ఒంటి మీద బంగారం ఏదున్నా తీసి ఇవ్వాలి. అతను దాన్ని గుడ్డలో మూటగట్టి మట్టిబిళ్ల ఒకటి చేతిలో పెట్టాడు. ముడి వేయడానికి అతనికి చాలాసేపు పట్టింది. వేళ్లు వణుకుతున్నాయి. చిగుళ్ల వెంట నల్లటి గీత ఉంది. గౌరసాని మంగళసూత్రం ఇచ్చేసింది, నోరు తెరవలేదు. తిప్పన సంచి అడుగున దాచుకున్న బంగారు రేకు కూడా సోదాలో పోయింది. పరీక్షకు ఇంకేమీ మిగల్లేదు.

మూడు రోజులు గడిచాయి. తిప్పన నీళ్లు నోట్లో వేసుకున్నాడు. ఎర్రవాగు నీళ్లే, ఇంకా చిక్కగా ఉన్నాయి. మండపం పునాది పక్కన మురుగు కాలవలో బోర్లా పడుకుని సున్నపు పొరలు లెక్కపెట్టాడు. రెండువందల పది ఎర్రగీతల దాకా కనిపించాయి. ఆ కిందిది నీళ్లలో మునిగి ఉంది. ఇది పాత ఊటే. మూలం ఇదే. కాని మూలంలో పాదరసం ఉందని సాక్షికి చూపించాలి. బంగారం లేకుండా చూపించలేడు. మూడు రాత్రులూ అతనికి నిద్ర పట్టలేదు. నీళ్ల వేడికి మోకాళ్ల నొప్పి మాత్రం తగ్గింది. అందుకు అతనికి తన మీద తనకే చిరాకు వేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పక్కన కూర్చున్న ముసలామె గాజుల చేతులు నీళ్లలో పెట్టి కడుక్కుంటోంది. అవి మట్టిగాజులు.

"మీ బంగారం కూడా పెట్టెలోకి పోయిందా అవ్వా?" అన్నాడు.

"అరడజను గాజులు నాయనా. ఏం భయంలేదు. ప్రతి ఏడూ వస్తాను. పోయేటప్పుడు గురిగింజ ఎత్తు తగ్గకుండా ఇచ్చేస్తారు."

"మరి ఎందుకు తీసుకోవడం?"

"బంగారముంటే స్వామి మంత్రం పారదట."

తిప్పన నీళ్లలోంచి లేచాడు. దొంగ అయితే తిరిగి ఇవ్వడు. తిరిగి ఇచ్చేవాడికి బంగారం అక్కర్లేదు. ఆ ఆవిరిలో బంగారం ఉండకపోవడమే వాడికి కావాలి. తడిబట్టలతోనే ఆడవాళ్ల వైపు పెరట్లోకి వెళ్లాడు. గౌరసాని జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"నోరు తెరువు."

"ఏమిటీ?"

"తెరువమ్మా."

ఆవిడ తెరిచింది. బంగారు పన్ను సీసం రంగుకు తిరిగింది.

"ఏముంది అక్కడ?"

"నీ పన్ను తెల్లబడింది. మూడు రోజులు ఈ ఆవిరి పీల్చావు. ఇంగిలీకం ఈ మండపం కింద ఉంది. తమ్ముడు చెప్పింది నిజం. చోటొక్కటే తప్పింది. ఈ మాంత్రికుడు ఇక్కడ దొంగచాటుగా తవ్వుకుంటూ, రాజు కన్ను ఇటు పడకుండా ఊటను అక్కడికి మళ్లించాడు." అతను గోడకు చేరగిలబడ్డాడు. "ఇక ఆ ఆవిరి దగ్గరికి పోకు. పెట్టె దగ్గరివాడి వేళ్లు చూశావుగా, ఇరవై ఏళ్లు పీలిస్తే అలా అవుతాయి."

"అంటే పదేళ్లు నేను ఎవరికీ చూపించని పన్నును ఇప్పుడు నిండు సభలో నోరు తెరిచి చూపించాలి."

"అందరికీ."

గౌరసాని నవ్వింది. తిప్పన ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాడు. తువ్వాళ్లు మోసుకుపోతున్న పరిచారకుడు కూడా చూశాడు. పన్ను వైపు ఒక్క క్షణం చూసి, తువ్వాళ్లు కింద పడేసి పరుగెత్తాడు.

"నా నవ్వు ఎప్పుడూ ఇంతే," అంది గౌరసాని. అప్పటికే ఇద్దరూ పరుగెడుతున్నారు.

కోన వాకిలి వైపు పోవడానికి లేదు, అక్కడ భూతాలున్నాయి. మండపం వెనక ఒక గొయ్యి ఉంది. అందులోంచే ఇటుకల గొట్టం ఎర్రవాగుకు పోతుంది. సున్నం పేరుకుని గొట్టం మూసుకుపోకుండా పది రోజులకోసారి తలుపు దించి, నీళ్లు ఆపి, మనుషులు లోపలికి దిగి గీకుతారు. ఆ రోజు పొద్దున తలుపు దింపడం తిప్పన చూశాడు. గీకేవాళ్లు ఇప్పుడు భోజనానికి పైకి వచ్చి ఉంటారు.

మండపం మూల తిరిగేసరికి క్షారానందుడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. బక్కమనిషి, ఒళ్లంతా తెల్లటి పొడి పూసుకున్నాడు. చప్పట్లు కొట్టాడు. స్తంభాల మీది యాళులు ఒళ్లు విరుచుకున్నాయి. నోట్లో గుండ్లు ఉమ్మేసి నేలకు దూకాయి. మొదటిది పంజా విసిరితే గౌరసాని పైట చిరిగింది. రెండోది తిప్పన తల మీదుగా దూకి గొయ్యికి అడ్డంగా నిలబడింది.

తిప్పన దాని కాళ్ల వైపు చూశాడు. సున్నపు రాయి. ఈ కోనలో పేరుకున్న రాయే.

"వంటశాల," అన్నాడు. "పులుసు."

గౌరసాని కారణం అడగలేదు. రోగుల వంటశాలలో నిలువెత్తు గంగాళంలో చింతపండు పులుసు కాగుతోంది. ఆవిడ గడ్డపార పెట్టి దాన్ని ఒక్క తోపు తోసింది. పులుసు వాకిట్లోంచి పెరట్లోకి పారింది. యాళులు అందులో అడుగు పెట్టగానే వాటి పంజాల కింద నురగ పొంగింది. గోళ్లు కరిగాయి, మడమలు కరిగాయి. ఒకదాని మీద ఒకటి జారి పడ్డాయి. వెనక వచ్చినవి వాటి మీద పడ్డాయి. ముసలామె గట్టు మీద నిలబడి, "అయ్యో, రాత్రికి పులుసు లేదు," అంది.

ఇద్దరూ గొయ్యిలోకి దిగారు. గొట్టం మనిషి పాకేంత ఉంది. దాని నోటికి ఎదురు గోడలో, ఊట వైపు, చెక్క తలుపు అవతలి నీళ్ల బరువుకు మూలుగుతోంది. తలుపు వెచ్చగా ఉంది. పైన రాట్నం తిప్పితే తలుపు లేస్తుంది, నీళ్లు గొట్టంలో పడతాయి. లోపల ఎవరున్నా ఉడికిపోతారు.

తిప్పన గీకేవాళ్లు వదిలేసిన ఇనపకడ్డీ తీసుకుని తలుపుకున్న వలయంలో దూర్చాడు. రెండో కొనను గోడలో ఇటుక ఊడిన చోట గుచ్చాడు. పైన రాట్నం కిర్రుమంది. తలుపు వేలెడు లేచి కడ్డీకి తగులుకుని ఆగింది. దాని కింద నుంచి పొగలు కక్కుతూ నీళ్లు చిమ్మి గొయ్యి అడుగున పారాయి. తిప్పన కడ్డీ మీద బరువంతా వేసి తలుపును మళ్లీ కిందికి దించాడు. చెయ్యి వదిలితే కడ్డీ జారిపోతుంది. అది ఇద్దరికీ కనిపించింది.

"నేను పట్టుకుంటాను, నువ్వు పో," అంది గౌరసాని.

"నేను పోయి ఏం చెప్పను? సాక్షివి నువ్వు. పన్ను నీ నోట్లో ఉంది. గుర్రమెక్కితే రాజధాని రెండు రోజుల దారి. అమావాస్య మూడో రోజు."

ఆవిడ గొట్టం నోటి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "మైలనకు ఏం చెప్పమంటావు?"

"ఇక మీదట రాళ్లు కూడా చూడమను."

గౌరసాని గొట్టంలోకి దూరింది. తిప్పన లెక్క మొదలుపెట్టాడు. బార దూరం పాకడానికి ఒక అంకె. తొమ్మిదివందలు.

నూట నలభై దగ్గర పైన అరుపులు ఆగాయి. గొయ్యి అంచున క్షారానందుడు కూర్చుని కాళ్లు కిందికి వేలాడేశాడు.

"తిప్పనా," అన్నాడు. ఆ పేరు తిప్పన కోనలో ఎవరికీ చెప్పలేదు. "నీ తమ్ముడు చెరసాలలో మూడో గదిలో ఉన్నాడు. నిన్న రాత్రి అన్నం ముట్టలేదు. నా భూతాన్ని పంపితే పొద్దు గుంకేసరికి ఇక్కడుంటాడు. ఏనుగూ ఉండదు, రాజూ ఉండడు. ఆవిడను వెనక్కి రమ్మను, చాలు. ఆ గొట్టంలో నీ గొంతు చివరిదాకా వినిపిస్తుంది."

తిప్పన పెదవులు కదులుతూనే ఉన్నాయి. భూతం రెండు వేళ్లతో మనిషిని ఎత్తడం అతను చూశాడు. అది చేయగలదు. గౌరసాని చేరుతుందో లేదో, చేరినా దారిలో గుర్రం పడుతుందో, రాజు మాట నిలబెట్టుకుంటాడో ఎవరూ చెప్పలేరు. ఈ మాంత్రికుడు చెప్పింది మాత్రం సాయంత్రానికి జరుగుతుంది. చేతులు లాగుతున్నాయి. వీపు వెనక చెక్క వేడెక్కుతోంది.

"తమ్ముడొస్తే ఇక్కడ వాడికి పనేమిటి స్వామీ?"

"నీ పనే. గని లోతుకు పోయింది. రాయి ఎటు తిరిగిందో చెప్పే ఊటర్లు కావాలి. మీ ఇద్దరికీ ఏ లోటూ ఉండదు."

"ఇంతకు ముందు చెప్పినవాళ్లేమయ్యారు?"

గొయ్యి అంచు మీద ఆనించిన క్షారానందుడి చెయ్యి రాయిని టకటక కొడుతోంది. అతను దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆ చెయ్యీ ఆగలేదు.

తిప్పన ఆ చేతులను చూసినంతసేపు చూసి తల దించుకున్నాడు. మూడువందల డెబ్భై.

"సరే," అన్నాడు క్షారానందుడు, లేస్తూ. "గొడ్డళ్లు తెండి."

తేవడానికి సమయం పట్టింది. నలుగురు పరిచారకులు తలుపు పై అంచు దగ్గరికి వంగారు. మొదటివాడికి వేళ్లు వణికి గొడ్డలి జారి నీళ్లలో పడింది. రెండోవాడి దెబ్బ పడింది. చెక్క నెర్రెలిచ్చింది. సన్నగా వేడినీటి ధార ఒకటి చిమ్మి తిప్పన చెవి పక్కనుంచి పోయి ఎదుటి ఇటుకను తాకింది.

గౌరసాని ఇంకా మూడువందల ఎనభై తొమ్మిది బారలు పాకాలి. ఆ చీకట్లో ఆవిడకు గొడ్డలి చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. తలుపు ఉందో పోయిందో తెలియక ఆగినా ఆగుతుంది, వెనక్కి తిరిగినా తిరుగుతుంది.

తిప్పన తలను గొట్టం నోటి వైపు తిప్పాడు.

"ఐదువందల పదకొండు," అన్నాడు పైకి, చివరిదాకా వినిపించేలా. గొడ్డలి మళ్లీ లేచింది. "ఐదువందల పన్నెండు."